పాటల పట్టిక



ఆడపిల్లను అత్తవారింటికి పంపునపుడు సారె పట్టిక వ్రాయుట మన యిండ్లలో వాడుక. బిందెలెన్ని, పళ్ళెములెన్ని, చీరలెన్ని, కుంకుమ బరిణె వెండిదా యిత్తడిదా యని పెద్దలు కూర్చుండి వ్రాయింతురు. ఆ కాగితమును పెట్టె యడుగున భద్రపరతురు. కాని ఆ పిల్లతోబాటు గుమ్మము దాటి పోవు సొత్తొకటి యే పట్టికకును ఎక్కదు. అది ఆమెకు వచ్చిన పాట. తల్లి పాడిన జోల, అమ్మమ్మ నేర్పిన మంగళహారతి, చెలికత్తెలతో గొబ్బెమ్మల చుట్టు తిరుగుచు పాడిన పాట, రేడియో ప్రక్కన నిలువబడి పట్టుకొన్న పాట, ఇవన్నియు ఆమె వెంట పోవును. వీనికి తూకము లేదు గనుక లెక్కయు లేదు. లెక్క లేని సొత్తు ఎప్పుడు పోయినదో ఎవరికిని తెలియదు.

ఈ మాసము నేను మీతో ముచ్చటింపదలచినది ఈ పాటల పట్టికను గూర్చియే. ప్రతి స్త్రీయు తన బ్రతుకును ఒకమారు తలపోసికొని, దానికి సరిపడు పాటలను పదియో పండ్రెండో యేరి, వరుసగా కూర్చి, పేర్లు వ్రాసి, వినుటకు వీలుగా ఒకచోట నుంచుకొనవలెనని నా మనవి. ఇది తీరుబడి గలవారి వేడుక యని కొందరికి తోచవచ్చును. నాకును మొదట అట్లే తోచినది. ఆ తలపు ఎట్లు మారినదో ముందు చెప్పెదను.

ఈ పని క్రొత్తది కాదు. ఇంగ్లండులో రెండవ ప్రపంచయుద్ధము జరుగుచున్న దినములలో, 1942వ సంవత్సరము జనవరి 29వ తేదీన, బీబీసీ రేడియోలో ‘డెజర్ట్ ఐలండ్ డిస్క్స్’ అను కార్యక్రమము మొదలైనది. రాయ్ ప్లోమ్లీ యనునాయన దానిని కల్పించి, 1985లో తాను మరణించువరకు తానే నడపెను. నేటికిని అది సాగుచున్నది. దాని పద్ధతి మిక్కిలి సులువైనది. వచ్చిన యతిథి యొక జనసంచారము లేని దీవిలో చిక్కుకొన్నట్లు భావించుకొనవలెను. అక్కడికి ఎనిమిది రికార్డులు మాత్రమే కొనిపోవచ్చును. అవి యేవి, యెందుకు అని చెప్పవలెను. అంతే. ఈ ‘ఎనిమిది’ యను నియమములోనే కిటుకంతయు నున్నది. నూరు పాటలు చెప్పుమన్నచో ఎవరైనను తమకు నచ్చిన పాటలు చెప్పుదురు. ఎనిమిదే యన్నచో తమ కథ చెప్పవలసి వచ్చును.

మన తెలుగు స్త్రీలు ఈ పనిని రేడియో పుట్టుటకు మునుపే చేసిరి. మన పాత యిండ్లలో వెదకినచో, అంచులు చిరిగిన పాటల పుస్తకమొకటి దొరకక మానదు. మంగళహారతులు, లాలిపాటలు, పెండ్లిపాటలు, అప్పగింతల పాటలు అందులో ముత్యాలవంటి యక్షరములతోనో కోడిగీతలతోనో వ్రాసియుండును. పుట్టింటినుండి తెచ్చినవి ముందు పుటలలో, అత్తవారింట నేర్చినవి వెనుక పుటలలో నుండును. వ్రాసిన సిరా మారిన తావున ఆమె బ్రతుకు మారినదని గ్రహింపవచ్చును.

చదువురాని తల్లులు సైతము ఈ యేరికను ఎరుగని వారు కారు. మన స్త్రీల రామాయణపు పాటలను చూడుడు. వాల్మీకి మహర్షి ఊర్మిళను గూర్చి చెప్పినది బహు స్వల్పము. మన స్త్రీలో, లక్ష్మణుడు అడవిలో నున్న పదునాలుగేండ్లును ఆమె నిద్రించినదని ‘ఊర్మిళాదేవి నిద్ర’ యను పెద్ద పాటయే కట్టుకొనిరి. సీతమ్మ పుట్టుక, పెండ్లి, వేవిళ్ళు, పురుడు, కుశలవుల యుద్ధము, ఇవియే వారికి ముఖ్యములు. లంకలోని బాణముల లెక్క వారికి అంతగా పట్టలేదు. వెల్చేరు నారాయణరావుగారు 1991లో ప్రకటితమైన యొక యాంగ్లవ్యాసమున ఈ సంగతిని చక్కగా విడదీసి చూపిరి. రామాయణమంత సముద్రమునుండి తమ బ్రతుకునకు దగ్గరగా నున్న బిందెడు నీళ్ళు ముంచుకొనుట యిది. ఏరికయే ఒక మాట. పాడినది పరుల కథయైనను, ఏరినది తమ మనస్సు.

తరువాత యంత్రములు వచ్చినవి. నిమిషమునకు 78 చుట్లు తిరిగెడి పదియంగుళముల గ్రామఫోను పళ్ళెములో ప్రక్కకు ఇంచుమించు మూడు నిమిషముల పాటయే పట్టెడిది. పాటకొకసారి లేచి పళ్ళెమును త్రిప్పవలసి యుండెను. 1963లో ఫిలిప్స్ సంస్థ చిన్న క్యాసెట్టును వెలువరించిన పిమ్మటనే, తన యిచ్చవచ్చిన పాటలను తన యిచ్చవచ్చిన వరుసలో కూర్చుకొను వీలు సామాన్యులకు కలిగినది. 60 నిమిషముల క్యాసెట్టు ప్రక్కకు 30 నిమిషములు, 90 నిమిషములది ప్రక్కకు 45 నిమిషములు. 1980 దశకములో మన పట్టణములందు క్యాసెట్లు నింపి యిచ్చెడి దుకాణములుండెడివి. కాగితముపై పాటల పేర్లు వ్రాసి, ఖాళీ క్యాసెట్టును, కొంత రొక్కమును ఇచ్చి వచ్చినచో, నాలుగుదినములకు నింపి యిచ్చెడివారు.

1983లో నేను కాపురమునకు పోవునపుడు మా అన్నయ్య అట్టి దుకాణమున 90 నిమిషముల క్యాసెట్టొకటి నింపించి తెచ్చి నా పెట్టెలో పెట్టెను. పాటల నిడివి లెక్క సరిగా చూచుకొననందున రెండవ ప్రక్క చివరి పాట రెండవ చరణము నడుమ టక్కున తెగిపోయినది. ఆ పాటను తరువాత వందమార్లు పూర్తిగా వింటిని. అయినను ఆ చోటు వచ్చునప్పటికి నా గుండె ఒక్క క్షణమాగి, పాట తెగుటకు ఎదురుచూచును. లోకమునకంతకును అది నిండు పాట. నాకు మాత్రము సగము పాట. ఒకే పాట ఇద్దరికి ఒకటి కాదనుటకు ఇంతకంటె నిదర్శనము నాకు దొరకలేదు.

ఇక నా తలపు మారిన సంగతి చెప్పెదను.

మా అమ్మ 1938లో పుట్టినది. డెబ్బదియెనిమిదవ యేట ఆమెకు మతిమరుపు వ్యాధి పట్టుకొనినది. మొదట తాళపుచెవులు, తరువాత తిథివారములు, ఆ తరువాత మనుష్యులు, ఒకటొకటిగా జారిపోయిరి. 2017 నాటికి నన్ను తన తోడికోడలనుకొని, దినమునకు పదిమార్లు “పాలు కాచారా? మామగారు అడుగుతున్నారు” అని తొట్రుపాటుతో అడుగుచుండెను. మా తాతగారు పోయి అప్పటికి నలుబదియేండ్లు దాటినది.

ఇట్టి రోగులకు పాటలు వినిపించుట మేలని చదివియుంటిని. ఒక వారము కూర్చుండి ఆమెకొరకు పాటలు సమకూర్చితిని. తులసికోట కడ పాడు పాట, శుక్రవారపు లక్ష్మీహారతి, రామదాసు కీర్తనలు మూడు, త్యాగరాజ కృతులు రెండు. అన్నియు చిన్ననాటినుండి నేను ఆమె నోట వినినవే. ఫోను ఆమె ప్రక్కన నుంచి వినిపించితిని. ఆమె కాదనలేదు. రెండవ పాట మొదలగునప్పటికి పైట సవరించుకొని, నిటారుగా కూర్చుండి, చేతులు రెండును ఒడిలో పెట్టుకొనెను. నేనది భక్తియనుకొని మురిసిపోతిని.

ఒకనాడు మా పిన్ని చూడవచ్చినది. కాఫీ త్రాగుచు కొంతసేపు విని, అక్కగారి వంక చూచి, నా వంక చూచి, “ఇవి మీ అమ్మ పాటలు కావే. మీ నాయనమ్మ పాటలు” అనెను.

నాకర్థము కాలేదు.

“హారతులు రాని కోడలేమిటని మీ నాయనమ్మ ఒకటే గోల. నెలలో నేర్చుకుంది అక్క. ఎదురుగుండా కూర్చోబెట్టి ఒప్పచెప్పించుకునేది. చూడు, ఇప్పుడూ అలాగే కూర్చుంది” అని పిన్ని చేయి చూపినది.

నేను చూచితిని. ఆమె కూర్చున్నది దేవుని యెదుట కాదు, అత్తగారి యెదుట. నేను మేలనుకొని వారముదినములుగా మా అమ్మను పరీక్షలో కూర్చుండబెట్టుచుంటిని.

“మరి అమ్మ పాటలేవి, పిన్నీ?” అని యడిగితిని.

పిన్ని నవ్వినది. “‘మల్లీశ్వరి’ వచ్చిన కొత్త. బండి కట్టించుకుని తెనాలి వెళ్ళాం. అక్కకు పదమూడేళ్ళు, నాకు పదేళ్ళు. తిరిగొచ్చాక నెల్లాళ్ళు దొడ్లో అవే పాటలు. దాని గొంతు నువ్వు విన్లేదులే.”

‘మల్లీశ్వరి’ 1951లో బి.ఎన్. రెడ్డిగారు తీసిన చిత్రము. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు చలనచిత్రములకు పాటలు వ్రాయ మొదలిడినది దానితోడనే. సాలూరి రాజేశ్వరరావుగారు సంగీతము కూర్చిరి. భానుమతిగారు, ఘంటసాలగారు పాడిరి. ఇవన్నియు నేనెరిగినవే. మా అమ్మ ఆ పాటలు పాడెడిదని మాత్రము ఎరుగను. 1954లో ఆమె కాపురమునకు వచ్చిన క్రొత్తలో, నూతికడ నీళ్ళు తోడుచు ఆ పాటయొకటి కూనిరాగము తీయగా, “సంసారుల యింట్లో సినిమా పాటలేమిటి?” అని యెవరో యన్నారట. ఎవరన్నారో పిన్ని చెప్పలేదు, నేనును అడుగలేదు. అటుపిమ్మట ఆమె ఆ పాటలు పాడలేదు. అరువదియేండ్లకు పైగా పాడలేదు.

ఫోనులో ఆ చిత్రపు పాట వెదకి వినిపించితిమి. అమ్మ తల యెత్తెను. చేతులు ఒడిలోనుండి జారి మంచముపైకి వచ్చినవి. పెదవులు కదలినవి. చరణములో నాకు తెలియని తావుల సైతము ఆమెకు మాటలు తప్పలేదు. పాట ముగియగానే పిన్ని వంక తిరిగి, “బండి వచ్చిందా?” అని యడిగెను. పిన్ని కన్నులొత్తుకొని, “వచ్చిందే, కట్టేశారు” అనెను.

దీనివలన ఆమె వ్యాధి కుదిరినదని మీరు తలపవలదు. ఆమె నన్ను గుర్తింపలేదు. మరునాడు మరల తాళపుచెవులు వెదకెను. కాని ఆ మధ్యాహ్నము మాత్రము పాలు కాచితిరా యని యడుగలేదు. ఆమె ఆ గంటసేపు ఎవరికిని కోడలు కాదు.

2019లో అమ్మ కాలము చేసినది. చివరి మాసములలో ఆమె వేరొక రాగమును తరచుగా గొణుగుచుండెను. మాటలు లేవు, రాగమే. పిన్నికిని అది తెలియదు. ఫోనులో పట్టితిని. నలుబది క్షణములున్నది. సంగీతము తెలిసినవారికి వినిపించితిని, ఎవరును పోల్చుకొనలేకపోయిరి. ఒక ప్రశ్న సకాలమున అడిగియుండినచో దాని పేరు నాకు తెలిసియుండును. ఆమె వంటలు వ్రాసికొంటిని, నోములు వ్రాసికొంటిని, నగలు పంచుకొంటిమి. ‘నీ పాటయేది?’ అని మాత్రము యెన్నడును అడుగలేదు. కావుననే ఈ పట్టిక తీరుబడి వేడుక కాదనుచున్నాను. మన పాటలను పరులు ఏరినచో, తమకు కనబడిన మనలను ఏరుదురు. మన పట్టిక మనమే వ్రాయవలెను.

పాటకును జ్ఞాపకమునకును గల సంబంధమును గూర్చి వైద్యులు చెప్పునది కొంత తెలిసికొనుట మేలు. ఆలివర్ శాక్స్ అను నరముల వైద్యుడు ‘మ్యూజికోఫిలియా’ యను గ్రంథమును 2007లో వెలువరించి, మాట పోయినవారును పాట పాడగలిగిన యుదంతములను వర్ణించెను. ఆల్జైమర్స్ వ్యాధిలో, చిరకాలముగా ఎరిగిన పాటల జ్ఞాపకమునకు సంబంధించిన మెదడు భాగములు తక్కిన భాగములకంటె తక్కువగా క్షీణించునని 2015లో ‘బ్రెయిన్’ అను వైద్యపత్రికలో ఒక పరిశోధన ప్రకటింపబడినది. అమెరికాలో డాన్ కోహెన్ అను సంఘసేవకుడు వృద్ధాశ్రమములందలి రోగులకు ఎవరి పాటలు వారికి వినిపించు పనికి పూనుకొనెను. దానిని గూర్చి 2014లో ‘అలైవ్ ఇన్‌సైడ్’ అను చిత్రము వచ్చినది. ‘ఎవరి పాటలు వారికి’ అను మాటను గమనింపుడు. మంచి పాటలు కావు, వారి పాటలు. మరియు సుమారు పదియేండ్ల వయస్సు మొదలు ముప్పదియేండ్లలోపుగా మనము ఎరిగిన సంగతులును పాటలును ముదిమిలో ఎక్కువగా జ్ఞప్తియందు నిలుచునని మనస్తత్త్వశాస్త్రజ్ఞులు కనిపెట్టియున్నారు. మా అమ్మకు తెనాలి బండి జ్ఞాపకమున్నది అందువలననే కాబోలు.

అయితే పాట మందు కాదు. ఒక్కొక్క పాట దుఃఖమును రేపును. రోగికి వినిపించునపుడు ముఖము కనిపెట్టియుండవలెను. చికాకు కనబడినచో వెంటనే ఆపవలెను. ధ్వని తగ్గించి, ఇతర చప్పుడులు లేకుండ చూచి, ఒకటి రెండు పాటలకంటె ఎక్కువ వినిపింపకుండుట మంచిది.

ఇక పట్టిక కూర్చు విధానము. నేను చేసిన తప్పులనుండి నేర్చినది చెప్పుచున్నాను.

మొదట పాటలను తలపవలదు. ఒక కాగితముపై మీ బ్రతుకును భాగములుగా వ్రాయుడు. బాల్యము, బడి, పెండ్లి, క్రొత్త కాపురము, పిల్లల పెంపకము, ఇల్లు మారిన సంవత్సరము, ఉద్యోగము, ఎవరినైన పోగొట్టుకొన్న యేడు, ఇట్లు. ప్రతి భాగము చెంతను అపుడు చెవిని బడిన పాట యేదో వ్రాయుడు. నచ్చినదా లేదా యనునది ప్రశ్న కాదు. వీధిచివర పెండ్లిపందిరి మైకులో మ్రోగినదైనను సరే.

రెండవది, సంఖ్యకు కట్టుబడవలెను. పండ్రెండు చాలును. క్రొత్తది చేర్పవలెనన్న పాతది తీసివేయవలెను. ఏది తీసివేయుటకు మనస్సొప్పదో అప్పుడు తెలియును.

మూడవది, గౌరవము కొరకు ఏరవలదు. నా మొదటి పట్టికలో కృతులు ఏడు, కీర్తనలు ఐదు! అది చూచి మా అమ్మాయి, “అమ్మా, ఇది నీ పాటల పట్టికా, త్యాగరాజ ఆరాధనా?” అనినది. సిగ్గుపడి చింపివేసితిని. రెండవ పట్టికలో మా నాన్నగారు స్నానము చేయుచు అపశ్రుతిలో పాడెడి నాటకపద్యము చేరినది. అన్నయ్య క్యాసెట్టులోని సగము పాట చేరినది. పురిటిగదిలో నుండగా ప్రక్కయింటి రేడియోలో వచ్చిన ప్రకటన పాట కూడ చేరినది. నవ్వుదురు గాక! ఆ పాట విన్నచో నాకు నేటికిని పాలవాసన వచ్చును.

నాల్గవది, ప్రతి పాట క్రింద రెండు పంక్తులు వ్రాయవలెను. ఏ యేడు, ఏ యూరు, ఎవరు ప్రక్కన నుండిరి, ఏమి చేయుచుంటిరి. పాట పేరుతోబాటు చిత్రమైనచో చిత్రము పేరు, సంవత్సరము, పాడినవారి పేరు వ్రాయుడు. ఈ వివరములు కాగితముపై నుండుట అవసరము. నేడు ఫోనులో కూర్చుకొన్న పాటలవరుస రేపు ఆ కంపెనీ పాట తీసివేసినచో మాయమగును. కాగితమున్నచో మరల వెదకికొనవచ్చును.

ఐదవది, దుఃఖపు పాట విషయము. నా పట్టికలో ఏడవ పాట పేరు మాత్రమే వ్రాసితిని, ధ్వని చేర్పలేదు. దానిని నేను వినలేను. కాని అది లేనట్లు నటించుట నా చేత కాలేదు. మీకును అట్టి పాటయున్నచో, చోటు విడువుడు. ఖాళీ కూడ లెక్కలోనిదే.

ఆరవది, వరుస. సంవత్సరముల ప్రకారము కూర్చుట యొక పద్ధతి. నాకు మన కచేరీ పద్ధతి నచ్చినది. ఇరువదవ శతాబ్దమున అరియక్కుడి రామానుజయ్యంగారు స్థిరపరచిన క్రమమున, వర్ణముతో మొదలిడి, కృతులలోనికి పోయి, నడుమ బరువైన దానిని నిలిపి, తరువాత తేలిక పాటలతో సేదదీర్చి, మంగళముతో ముగింతురు. బ్రతుకులో బరువు నడుమనే యుండును గనుక ఇది చక్కగా అమరినది. మంగళము మాత్రము నేను పెట్టలేదు. కచేరీ యింకను సాగుచున్నది గదా!

ఏడవది, ముఖ్యమైనది. ఏ దుకాణమునను, ఏ ఫోనునను దొరకని పాటలు మన యిండ్లలో నున్నవి. దంపుడు పాటలు, అప్పగింతల పాటలు, మన యింటి మాటలు చేర్చి పాడిన జోలలు, తెలంగాణమున బ్రతుకమ్మ చుట్టు తిరుగుచు ఆ యూరివారు మాత్రమే పాడెడి పాటలు, ఇట్టివి పాడినవారితోనే పోవును. ఫోనులో మాటలు పట్టు సాధనము అందరి చేతను ఉన్నది. ఫ్యాను ఆపి, కిటికీ మూసి, ఫోనును పాడువారికి జానెడు దూరమున నుంచి, మొదట వారి పేరు, ఊరు, తేదీ, ఆ పాట యెవరివలన నేర్చిరో చెప్పించి, తరువాత పాడింపుడు. గొంతు వణకినను, నడుమ మరచినను ఆపవలదు. ఆ మరచి తడుముకొనుటయే పిమ్మట మనకు ప్రియమగును. దానిని ఫోనులో ఒకటి, పెన్ డ్రైవులో ఒకటి, వేరొక యింటనున్న బంధువుల వద్ద ఒకటి, మూడుచోట్ల నుంచవలెను. పాత క్యాసెట్లున్నవారు జాప్యము చేయవలదు. మన తేమగాలికి టేపుపై తెల్లని బూజు పట్టును. బూజు పట్టినదానిని యంత్రములో నేరుగా త్రిప్పక, తెలిసినవారిచే శుభ్రపరపించి, కంప్యూటరులోనికి ఎక్కింపవలెను.

పట్టిక పూర్తియైన పిమ్మట, అది యెక్కడ నున్నదో ఇంట నొక్కరికైనను చెప్పియుంచుడు. మనము చెప్పలేని దినము రావచ్చును. అప్పుడు వారు తడుముకొనకుండ మన పాట మనకు వినిపింతురు. నా కాగితము బియ్యపు డబ్బా ప్రక్కన, వంటయింటి అలమరలో, రేషను కార్డుతోబాటు కవరులో నున్నది. మా అమ్మాయికిని కోడలికిని తెలుసు.

కోడలనగా జ్ఞప్తికి వచ్చినది. పిన్ని మాట విన్న నాటినుండి నాలో ఒక జంకు బయలుదేరినది. మా నాయనమ్మ చెడ్డది కాదు. తనకు తెలిసిన పాటలు కోడలికి నేర్పినది, అంతే. ఆ నేర్పుటలో కోడలివి అణగిపోయినవని ఆమె యెరుగదు. నేను మాత్రము ఎరుగకుండుట ఏమి నిశ్చయము? కావున ఒకనాటి సాయంకాలము కూర తరుగుచు మా కోడలిని, “ఈ యింటికి రాకముందు నువ్వేం పాడుకునేదానివమ్మా?” అని యడిగితిని. ఆ పిల్ల తెల్లబోయి, “ఏం లేదత్తయ్యా” అనినది. రెండు దినముల పిమ్మట తానే వచ్చి, సిగ్గుపడుచు, ఫోను నా చేతికిచ్చి ఒక పాట వినిపించినది. కళాశాల చివరి యేట స్నేహితురాండ్రందరును బస్సులో గొంతెత్తి పాడినదట.

నిజము చెప్పవలెనన్న, ఆ పాట నాకు నచ్చలేదు. చప్పుడెక్కువ. కాని పేరు, చిత్రము, సంవత్సరము అడిగి వ్రాసికొంటిని. ఇప్పుడు ఆ పిల్ల వంట చేయుచు దానిని అప్పుడప్పుడు పాడుకొనుచున్నది. మీ యింట నున్నవారినిగూడ ఈ మాసము ఆ ప్రశ్న యడిగి చూడుడు.